తలుపు గొళ్లేనికి తడి తువ్వాల

తడి తలతో పడుకుంటే ఏమవుతుందో నాకు చెప్పని మనిషి గోదావరిఖనిలో లేదు. సర్ది చేస్తుందని ఒకరు, నెత్తిలోకి నీరు దిగుతుందని ఒకరు, మెడ పట్టేస్తుందని ఇంకొకరు. కళ్లు మసకబారతాయని కూరగాయలమ్మే ఆమె చెప్పింది. తడి తలతో పడుకుని చెవిలో చీము పట్టించుకున్న తన మేనత్త కథను మా ఎదురింటి అక్క నాకు ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే గుర్తు లేదు. ఈ సంగతి అందరికీ తెలుసు. తల ఆరబెట్టుకోవడానికి రెండు గంటలు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలో మాత్రం ఒక్కరూ చెప్పరు.

నేను రాత్రి షిఫ్టు చేస్తాను. ఎప్పుడూ కాదు, వంతు వచ్చిన వారాల్లో. గనుల నుంచి వచ్చిన బొగ్గును నలగ్గొట్టి బెల్టుల మీద వ్యాగన్లకు పంపే చోట నా పని. బెల్టు కింద రాలిన బొగ్గును పారతో మళ్లీ పైకి ఎత్తి పోయాలి. బొగ్గుతో పాటు కొట్టుకొచ్చే రాళ్లూ ఇనప ముక్కలూ ఏరి పక్కన పడెయ్యాలి. ఇది మా బాపు ఉద్యోగం. మా వైపు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. భూమి లోపల పనిచేసి చేసి బాపు ఊపిరితిత్తులు చెడిపోతే, ఆయన్ను అన్‌ఫిట్ చేసి ఆ ఉద్యోగం నాకు ఇచ్చారు. మేమిద్దరం ఆడపిల్లలమే. అక్కకు అప్పటికే పెళ్లయి మందమర్రిలో ఉంది. బాపు పోయాక అమ్మ కూడా అక్క దగ్గరే ఉంటోంది.

ఆడవాళ్లకు ఇష్టమైతేనే రాత్రి డ్యూటీ వేస్తారు. అడిగితే సరే అన్నది నేనే. అందుకే నేను నోరు విప్పినప్పుడల్లా "నువ్వే గద ఒప్పుకున్నవ్" అనే మాట ఎదురుగా తయారుగా ఉంటుంది. ఒప్పుకున్నది రాత్రి మేలుకోవడానికి. పగలు కూడా మేలుకోవడానికి నేనెప్పుడు ఒప్పుకున్నానో నాకు తెలియదు.

బొగ్గు దుమ్ము గురించి బయటివాళ్లకు చెప్పడం కష్టం. జుట్టు ముడివేసి, గుడ్డ గట్టిగా చుట్టి, దాని మీద హెల్మెట్ పెట్టినా ఎలా దూరుతుందో దూరుతుంది. ఇంటికొచ్చి తల మీద నీళ్లు పోసుకుంటే మొదటి చెంబులకు బాత్రూం నేల నల్లగా అయిపోతుంది. షాంపూ పెట్టి, మళ్లీ పెట్టి, నీళ్లు తెల్లగా దిగేదాకా పోసుకోవాలి. ఒకసారి ఓపిక లేక అలాగే పడుకున్నాను. లేచేసరికి దిండు మీద నా తల ఆకారంలో నల్ల మచ్చ. నెత్తంతా దురద. ఆ మచ్చ ఎన్నిసార్లు ఉతికినా పోలేదు, ఇప్పుడు ఆ దిండు గలీబుతో గ్యాస్ పొయ్యి తుడుస్తున్నాను.

మరి ఆ జుట్టు కత్తిరించుకోరాదా అని చాలామంది అడిగారు. నాకేమీ నడుము దాకా జడ ఉండాలని కోరిక లేదు. ఒకసారి భుజాల దాకా కత్తిరించుకున్నాను కూడా. అంత పొట్టి జుట్టు ముడికి అందదు. గుడ్డలోంచి జారి చెంపల మీద పడుతుంది. నడుస్తున్న బెల్టు పక్కన వంగి పనిచేసేటప్పుడు జారిన వెంట్రుకంత ప్రమాదం ఇంకోటి లేదు. నన్ను చూసి సూపర్‌వైజర్ "మగపిల్లగాని లెక్క అన్న కొట్టించుకో, లేకుంటె గట్టి ముడి పడేటంతన్న పెంచు, నడుమ గిట్ల ఉంచకు" అన్నాడు. మొదటిది చేయిస్తే మా అమ్మ నా ముఖం చూడదు. అందుకని పెంచాను.

ఒక హెయిర్ డ్రయ్యర్ కొన్నాం. రాత్రంతా క్రషర్ మోత విని వచ్చిన చెవి పక్కన ఇంకో మోత. ఓర్చుకుని ఆరబెట్టుకుంటూ, దాన్ని చేతిలో పట్టుకునే నిద్రపోయాను. దుప్పటి కమిలిన వాసనకు లేచాను. ఆ రోజే దాన్ని అటక మీదకు ఎక్కించాం.

ఇప్పుడు నా పొద్దుటి సంగతి చూడండి. డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి మా పాపకు బడి టైం దగ్గర పడుతుంది. దానికి రెండు జడలు వెయ్యాలి, టిఫిన్ పెట్టాలి, డబ్బా కట్టాలి. నల్లా పోకముందే నీళ్లు పట్టుకోవాలి. అన్నీ అయ్యాక నా తలస్నానం. అప్పటికి ఎండ వాకిట్లోకి వచ్చి ఉంటుంది. పాప తిరిగి వచ్చేది మధ్యాహ్నం దాటాక, ఆ తర్వాత నాకు నిద్ర ఉండదు. ఈ నడుమ ఉన్న కాసిని గంటల్లోనే నా రాత్రి మొత్తం పట్టాలి. అందులో రెండు గంటలు జుట్టు ఆరబెట్టుకుంటూ ఎండలో కూర్చోవాలట. కూర్చుని చూశాను. కూర్చున్నచోటే తల వాలిపోయి, ఎదురింటి అక్క వచ్చి లేపింది. ఎందుకు లేపావంటే, ఎండదెబ్బ తగులుతుందని.

మా ఆయన కూడా గనిలోనే పనిచేస్తాడు. భూమి పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. ఆయనకు నైట్ షిఫ్టు వచ్చినప్పుడు ఆయనా తలస్నానం చేసే పడుకుంటాడు, ఆ తల కూడా తడిదే. తువ్వాలతో రెండుసార్లు రుద్దుకుంటాడు, మంచం మీద పడతాడు. సర్ది గురించీ మెడ గురించీ మేనత్త చెవి గురించీ ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. జుట్టు చిన్నది కదా అంటారు. సరే, చిన్నదే. ఆయన నిద్ర కూడా చిన్నదేనా?

ఆయన నిద్ర చిన్నది కాదు. గని మనిషి పగటి నిద్ర అంటే మా దగ్గర అందరికీ భక్తి. చిన్నప్పుడు మేము బెల్లంపల్లిలో క్వార్టర్‌లో ఉండేవాళ్లం. బాపు నైట్ షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి పడుకోగానే, అమ్మ ఆయన తడి తువ్వాలను తలుపు బయట గొళ్లేనికి వేలాడదీసేది. మా లైనులో అన్ని ఇళ్లవాళ్లూ అదే చేసేవాళ్లు. గొళ్లేనికి తువ్వాల ఉందంటే లోపల నైట్ షిఫ్టు మనిషి పడుకున్నాడని అర్థం. ఆ తలుపును ఎవరూ కొట్టరు. పాలవాడు చెంబులో పాలు పోసి గుమ్మం పక్కన పెట్టి పోయేవాడు. మేము దొంగా పోలీసు ఆట కూడా సైగలతో ఆడేవాళ్లం. కుక్కర్ విజిల్‌కు బాపు లేస్తాడని అమ్మ పప్పు కడిగి పట్టుకెళ్లి పక్కింట్లో ఉడికించుకుని వచ్చేది. బాపు నిద్ర లేచేదాకా మా ఇల్లంతా ఊపిరి బిగబట్టి ఉండేది.

ఆ అలవాటు ఇక్కడా ఉంది. మా ఆయన పడుకున్నప్పుడు ఆయన గళ్ల తువ్వాల గొళ్లేనికి వేస్తాను. లైను మొత్తం నిశ్శబ్దం. నా మొదటి నైట్ షిఫ్టు వారం, నేనూ నా తువ్వాల వేశాను. నాది గులాబీ రంగుది, పూలు ఉంటాయి. రెండు రోజులు బాగానే గడిచింది. ఆ పూల తువ్వాల ఎవరిదో తెలిశాక తలుపు చప్పుడు మొదలైంది. పెరుగు తోడుకని ఒకరు. చీటీ పాట ఎన్నింటికని ఒకరు. నేను తడి జుట్టుతో, కళ్లు సగం తెరిచి తలుపు తీస్తే వాళ్ల ముఖాల్లో ఎంత ఊరటో.

"నువ్వేనా? మీ ఆయన పండుకున్నడేమోనని భయపడ్డ."

ఆ ఊరట చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయితే మా కిటికీ రెక్కలు గజగజలాడతాయి, దానికి నాకు మెలకువ రాదు. తలుపు మీద వేలు పడితే వస్తుంది. లేచాక తల అంతా బరువు, మెడ దగ్గర తడి, ముక్కిపోయిన వాసన. మళ్లీ నిద్ర రాదు. సాయంత్రానికి కణతల దగ్గర మొదలైన నొప్పి డ్యూటీ దాకా నాతోనే వస్తుంది.

ఇదంతా ఇంటి గొడవ అయితే నేను రాయకపోదును. కిందటి చలికాలంలో బెల్టు పక్కన నిలబడి ఒక్క రెప్ప వేశాను. పార కొస బెల్టుకు తగిలి చేతిలోంచి ఎగిరిపోయింది. నాకేమీ కాలేదు. సూపర్‌వైజర్ నన్ను ఆ రాత్రి పని నుంచి పక్కకు తప్పించి, పొద్దున పోయేముందు పిలిచి చెప్పాడు.

"ఇయ్యాల పార పోయింది చెల్లె. రేపు చెయ్యి పోతది. ఇంకోసారి గిట్ల కండ్లు మూసుకుంటె నేను పైకి రాసుడే. ఫికర్ నీది ఒక్కదానిదే కాదు, నాది గూడ."

ఆయన తప్పు మాట ఏమీ అనలేదు. అన్నదంతా నిజమే కాబట్టి నాకు భయం పట్టుకుంది. బాపు ఊపిరితిత్తులు పోగొట్టుకుని ఇచ్చిన ఉద్యోగం నిద్ర చాలక పోగొట్టుకుంటే నా అంత పిచ్చిది ఉండదు. చేతికి ఏమన్నా అయితే ఉద్యోగంతో పాటు చెయ్యి కూడా మిగలదు.

దవాఖానకు వెళ్లాను. డాక్టరమ్మ తల చూసింది. తడిగా ముడేసి పడుకుంటే చుండ్రు పెరుగుతుంది, దురద వస్తుంది, నానిన వెంట్రుక తొందరగా తెగుతుంది అని చెప్పింది. సర్ది మాత్రం తడి జుట్టు వల్ల రాదట, అది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదట. తలనొప్పి మాటకొచ్చేసరికి, ఎంతసేపు పడుకుంటున్నావని అడిగింది. చెప్పాను. "ముందు నిద్ర పో అమ్మా. ఆపకుండా పడుకో. తల ఆరకపోతే ఆరకపోయింది, ముడెయ్యకుండా పరుచుకుని పడుకో" అంది. ఇంటికి వచ్చి ఈ మాట ఫోనులో అమ్మకు ఎంతో సంబరంగా చెప్పాను.

"ఆమెకేం ఎరుక" అంది అమ్మ. "నీకు నెత్తి మీద బొట్టు నీళ్లు పడ్డా తుమ్ములొచ్చేయి. నేను పెంచిన్నా, ఆమె పెంచిందా?"

మొన్న మళ్లీ నా నైట్ షిఫ్టు వారం వచ్చింది. అమ్మ వస్తానని ఫోను చేస్తే, రమ్మన్నాను. "ఈ వారం నైట్ షిఫ్టు అవ్వా, పొద్దున వస్తె తలుపు పెట్టుంటది" అన్నాను. ఎవరి నైట్ షిఫ్టో చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. ఆమె అడగలేదు. మా ఆయన ఆ వారం ఫస్ట్ షిఫ్టు, తెల్లారకముందే వెళ్లిపోతాడు; నేను వచ్చేదాకా పాపను ఎదురింటి అక్క చూస్తుంది.

ఆ పొద్దున నేను స్నానం చేసి, గొళ్లేనికి తువ్వాల వేసి పడుకున్నాను. అమ్మ మందమర్రి నుంచి పొద్దుటి బస్సుల్లో ఏదో పట్టుకుని వచ్చింది. తలుపుకు తువ్వాల కనిపించింది. తలుపు కొట్టలేదు. సంచి పక్కన పెట్టుకుని వరండాలో కూర్చుంది. ఉల్లిగడ్డల బండివాడు అరుస్తూ వస్తే ఎదురు వెళ్లి నోరు మూయించింది. వాకిలి ఊడుస్తున్న పిల్లను చీపురు మెల్లగా వెయ్యమంది. నీళ్లు కూడా అడక్కుండా గంటసేపు అలాగే కాపలా కూర్చుంది. ఇదంతా తర్వాత ఎదురింటి అక్క చెప్పింది. ఆ అక్కే బయటికి వచ్చి, "మీ అల్లుడు డ్యూటీకి పోయిండు పెద్దమ్మ. లోపల ఉన్నది మీ బిడ్డనే" అందట.

ఆ వెంటనే తలుపు విరిగిపోతుందేమో అన్నంత చప్పుడు. నేను ఉలిక్కిపడి లేచి తీశాను.

"అల్లుడేడి?"

"డ్యూటీకి పోయిండు."

"నైట్ షిఫ్టంటివి?"

"నాది అవ్వా. నైట్ షిఫ్టు నాది."

అమ్మ చెయ్యి నా తల మీదకు పోయింది. ఇక ఆ నైట్ షిఫ్టు మాట ఎగిరిపోయింది. "నెత్తి గిట్ల కారుతుంటె పండుకున్నవా? దిండు చూడు, ఎట్ల నానిందో. చిన్నప్పటి సంది చెప్తనే ఉన్న. నీ ఒంటి మీద నీకు రంది లేదు." ఇంట్లో పాత రేకు డబ్బా వెతికి, కొబ్బరి చిప్పలు కాల్చి, ఊదు వేసి, నన్ను కూర్చోబెట్టి పాయలు పాయలుగా జుట్టుకు పొగ పట్టింది. నేను కూర్చుని తూలుతుంటే మెడ నిటారుగా పెట్టమని వీపు మీద చరిచింది. ఎంతసేపు పట్టిందో గానీ, అంత పొడిగా నా జుట్టు ఎప్పుడూ లేదు.

"ఇగ పండుకో బిడ్డ" అంది చివరికి, ఎంతో ప్రేమగా. నేను పడుకున్నాను. కళ్లు మూతపడుతుండగా వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. మళ్లీ వేసింది. మూడోసారికి నేను వంటింట్లో ఉన్నాను.

"బాపు పండుకుంటె పప్పు పక్కింట్ల ఉడికించుకొచ్చినవ్ గద అవ్వా. నేను పండుకుంటె కుక్కర్ పెడ్తవా?"

"ఆయన డ్యూటీ చేసి వచ్చెటోడు."

"మరి నేనెక్కడికి పోయొచ్చిన?"

అమ్మ పొయ్యి కట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "నువ్వు ఇంట్ల కనవడ్తుంటె నీ డ్యూటీ యాదికి రాదు బిడ్డ" అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. దానికే నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం కణతలు పగిలిపోతున్నాయి. కళ్లు మూసుకోకుండా బెల్టు పక్కన నిలబడగలనన్న ధైర్యం లేదు. ఫోను చేసి ఆ రాత్రికి నాగా పెట్టాను. ఫోను పెట్టేశాక వరండాలోంచి అమ్మ గొంతు వినిపించింది. ఎదురింటి అక్కతో చెబుతోంది. "నెత్తి తడితోని పండుకున్నది. ఇగో, తలకాయ నొస్తుందని నాగా పెట్టుకున్నది. చెప్తె ఇంటదా?" ఎదురింటి అక్క వెంటనే మేనత్త చెవి కథ అందుకుంది. లోపల గోడకు తల కొట్టుకోవాలనిపించింది గానీ, ఆ నొప్పి కూడా తడి జుట్టు ఖాతాలోనే రాస్తారని ఊరుకున్నాను.

మరుసటి రాత్రి డ్యూటీ చేసి పొద్దున వచ్చేసరికి పాప రెండు జడలతో తయారుగా ఉంది. డబ్బా కట్టి ఉంది. నీళ్లు పట్టి ఉన్నాయి. అన్నీ అమ్మే చేసింది. నేను స్నానం చేసి రాగానే మంచం అంచుకు తల పెట్టి పడుకోమంది. జుట్టంతా మంచం కిందికి దించి, స్టూలు మీద పొడి బట్ట పరిచి దాని మీద ఆరేసింది. చిన్న ఫ్యాను అటు తిప్పింది. "నెత్తి సంగతి నేను చూస్త. నువ్వు కండ్లు మూసుకో."

గొళ్లేనికి వేద్దామని నేను నా పూల తువ్వాల చేతికి తీసుకుంటే, లాక్కుని దండెం మీద పడేసింది. మా ఆయన గళ్ల తువ్వాల పొడిగా ఉంది. దాన్ని నల్లా కింద తడిపి, పిండి, బయట గొళ్లేనికి వేసి వచ్చింది. ఎందుకని అడిగే ఓపిక నాకు లేదు.

మధ్యలో ఒకసారి మాత్రం గొంతు విన్నట్టు గుర్తు. ఎవరో గుమ్మం దగ్గరికి వచ్చినట్టున్నారు. "అల్లుడు పండుకున్నడు. డ్యూటీ మార్చిన్రు. రాత్రంత డంపర్ తోలి వచ్చిండు, జర మెల్లగ" అని అమ్మ గుసగుసగా చెబుతోంది. వచ్చిన మనిషి చెప్పుల చప్పుడు కూడా కాకుండా వెనక్కి వెళ్లింది. ఆ పగలు మా లైనులో ఉల్లిగడ్డల బండి రాలేదు. పెరుగు తోడు ఎవరికీ అవసరం పడలేదు.

దానంతటదే మెలకువ వచ్చి లేచాను. జుట్టు పట్టుకుంటే పొడిపొడిగా ఉంది. కణతలు ఖాళీగా, తేలిగ్గా ఉన్నాయి. ఇంత నిద్ర నేను ఉద్యోగంలో చేరాక పోలేదు. వెనక తలుపు దగ్గర మాటలు వినిపిస్తే వెళ్లి చూశాను. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన బూట్లు చేతిలో పట్టుకుని పెరట్లో నిలబడి ఉన్నాడు. అమ్మ ఆయనకు చెబుతోంది.

"ముందటి నుంచి రాకు బిడ్డ. ఎనకనుంచే రా. నువ్వు లోపల పండుకున్నవని అందరికి చెప్పిన."

"నేనా అత్తమ్మ? నేను పొద్దటి సంది బాయి మీద డ్యూటీలనే ఉన్న."

"నాకు ఎరుకనే. నా బిడ్డ పండుకున్నదంటె ఎవ్వలు ఊకుంటరు?"

ఆయన నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. అమ్మ మీద కాదు, ఆమె ఒక్కతే సరిగ్గా లెక్క కట్టింది. నా నిద్రకు విలువ లేదని ఇన్నాళ్లూ గొంతు చించుకున్నాను. ఆమె దాన్ని ఆయన తువ్వాల కింద దాచి నాకు పెట్టింది. హాయిగా నిద్రపోయాను. అలా నిద్రపోయినందుకే ఇప్పటికీ రగిలిపోతున్నాను.

డ్యూటీకి వెళ్లడానికి జుట్టు ముడేసుకుని బయటికి వచ్చాను. మా ఆయన నన్ను బస్సు దగ్గర దింపుదామని బండి తీస్తున్నాడు. ఎదురింటి అక్క నన్ను దాటి చూస్తూ ఆయన్ను పలకరించింది.

"మంచిగ నిద్ర పట్టిందా తమ్మీ?"

ఆయన నా వైపు ఒకసారి చూశాడు. అమ్మ గుమ్మంలోంచి కళ్లతో ఏదో చెబుతోంది.

"పట్టిందక్కా" అన్నాడు.